మూడో రోజు గుడ్డముక్క

ఫిబ్రవరి 11

స్టాఫ్ రూమ్ బయట కొత్త బోర్డు పెట్టారు. ఆరు పేర్లు. ఐదింటి ముందు డాక్టర్ అని ఉంది. ఆరో పేరు సుచరిత, ఎం.ఫార్మసీ. ఆదెయ్య కూడా డాక్టరే అయ్యాడు, నా దగ్గర ల్యాబ్ రికార్డు దిద్దించుకుని గట్టెక్కినవాడు. బోర్డు రాసిన పెయింటర్ నిచ్చెన దిగుతూ, "మీ పేరు ముందర కొంచెం చోటు వదిలినా మేడం, రేపు పనికొస్తది" అన్నాడు. అతని జాలి నాకెందుకు? ముందు ఆ రంగు డబ్బా దారిలోంచి తీయమన్నాను.

యూనివర్సిటీ లెటర్ కూడా ఈరోజే వచ్చింది. మే 31 లోపు పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలి. ఇదే ఆఖరి పొడిగింపు. ఇవ్వకపోతే ఏడేళ్ల రిజిస్ట్రేషన్ రద్దు.

ఏడేళ్లలో పదకొండు మందుమొక్కలు చూశాను. ఊదా రంగు ద్రావణంలో ఆకు రసం కలిపి, అరగంట చీకటి పెట్టెలో ఉంచి, తీసి చూడడమే పరీక్ష. రసంలో యాంటీ ఆక్సిడెంట్ ఉంటే ఊదా పోయి పసుపు రావాలి. ఫస్టియర్ పిల్లలకు కూడా ఇంతే చెబుతాను. నాకు మాత్రం ఏ మొక్క పెట్టినా ఊదా ఊదాగానే ఉంటుంది. ఈమధ్య ఆ రంగు చీర ఎదురొచ్చినా ఒళ్లు మండుతోంది.

ఫిబ్రవరి 13

నాగజ్యోతి అని ఫైనలియర్ పిల్ల, డిసెంబరు నుంచి ప్రాజెక్టుకు నా కింద ఉంది. బేస్తవారిపేట అవతల ఊరు. నేల చూసి మాట్లాడుతుంది. వాళ్ల ఊళ్లో గంగయ్య అనే గొర్రెలాయన కామెర్లకు ఆకుమందు ఇస్తాడట. గిద్దలూరు నుంచి కూడా జనం వస్తారట. "మూడు తరాలుగా ఇస్తా ఉన్నారు మేడం, రూపాయి తీసుకోరు" అంది.

ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే నాకు రెండు నెలలు కలిసొచ్చేవి. అదే అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత సున్నితమైతే హాస్టల్లో ఎలా బతుకుతుందో.

ఫిబ్రవరి 16

గంగయ్యకు డెబ్బై దాటి ఉంటాయి. మేం వెళ్లేసరికి గొర్రెలను దొడ్డిలోంచి తోలుతున్నాడు. నాగజ్యోతి "తాతా, మా కాలేజీ మేడం" అనగానే దగ్గరికి వచ్చి నా కళ్లలోకి చూశాడు.

"నీకేం లేవే అమ్మా, కండ్లు తెల్లగానే ఉన్నాయి. ఇంట్లో ఎవరికన్నా వచ్చినాయా?"

"నాకు కాదు తాతా. మీ మందులో ఎంత బలముందో మా మిషన్ మీద చూద్దామని."

"బలమా?" నవ్వాడు. "అది నాకే తెలవదు. మా నాయన ఇచ్చినాడు, నేనిస్తా ఉన్నా."

అప్పుడే త్రిపురాంతకం నుంచి ఒకామె కొడుకుతో వచ్చింది. కొంగున మూడు నిమ్మకాయలు. ఇక్కడి పద్ధతి అది. చేతికేమీ తీసుకోడు, రోగి మూడు నిమ్మకాయలు తేవాలి. గంగయ్య గుట్ట వైపు ఒక్కడే పోయి, ఆకు తెచ్చి, ఆ కాయలు పిండి రోట్లో నూరాడు. ఆకు పేరు చెప్పడు. చెబితే పని చేయదట. కోసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడడు.

తర్వాత అసలు తమాషా. ఒక తెల్లగుడ్డ ముక్కను ఆ పిల్లవాడి ఒంటేలులో ముంచి, ముల్లుకంప మీద ఆరేశాడు. ఆరాక పచ్చగా మరక. "ఇట్ల దినమొకటి తేవాల" అన్నాడు ఆ తల్లితో. నా వైపు తిరిగి, "మూడో పొద్దుకి మరక తేరాలమ్మా. తేరిందా, ఇంకో రెండు పొద్దులు మందు. తేరలేదా, అది మన చేతిలోది కాదు. పెద్దాసుపత్రికి పొమ్మంటా. మా నాయన అట్లనే చెప్పినాడు, నేను దాటలేదు" అన్నాడు.

ఎంత తెలివి! తేరితే తన గొప్ప, తేరకపోతే ఆసుపత్రి వాళ్ల ఖర్మ. ఇన్నేళ్లు పేరు చెడకపోవడానికి కారణం ఇదన్నమాట.

నూరిన ముద్ద సీసాలో పెట్టించుకున్నాను. ఆకు మాత్రం చూపించనన్నాడు. నీ మందు పుస్తకంలోకి ఎక్కుతుంది, నీ తర్వాత కూడా బతుకుతుంది అని బతిమాలాను. కాసేపు గొర్రెల వైపు చూసి, కర్ర తీసుకుని ముందు నడిచాడు. కొమ్మ విరిచి నా చేతిలో పెట్టి, "పేరు అడగొద్దు" అన్నాడు. అడగాల్సిన పని లేదు, చూడగానే తెలిసింది. ఇక్కడ రాయను. ఆయన వద్దన్నాడని కాదు, పేపర్ రాకముందే బయటపడకూడదని.

ఫిబ్రవరి 17

పసుపు!

అరగంట కూడా పట్టలేదు. చూస్తుండగానే ఊదా విరిగి పసుపైపోయింది. మిషన్‌లో తొంభై నాలుగు శాతం. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అంతే. విటమిన్ సి ట్యూబు పక్కన పెట్టి చూస్తే తేడా తెలియడం లేదు. ఆదెయ్యను పిలిచి చూపించాను. "బాగుంది మేడం" అన్నాడు. ఆ మొహం ఫోటో తీసి పెట్టుకోవాల్సింది.

ఫిబ్రవరి 20

గైడ్ గారు ఫోన్లో సంతోషించారు. ఒక్క టేబుల్ కూడా కావాలన్నారు. ఊళ్లో మందు వాడినవాళ్ల పేరు, వయసు, ఏడు రోజుల వివరం. పన్నెండు మందైనా ఉండాలి. ఏడు రోజులూ నిండాలి, మధ్యలో ఖాళీలుంటే యూనివర్సిటీలో పీకుతారు అన్నారు.

గంగయ్య మూడో రోజునే పంపేస్తే నా టేబుల్ ఎలా నిండుతుంది?

ఫిబ్రవరి 23

కాలేజీ లెటర్‌హెడ్ మీద రిజల్ట్ రాసి, సీలు వేయించి పట్టుకెళ్లాను. గంగయ్యకు చదువు రాదు. నాగజ్యోతి వాళ్ల అన్న మాలకొండయ్య చదివి చెప్పాడు, చుట్టూ పదిమంది. తొంభై నాలుగు శాతం అనగానే, "మా గంగయ్య తాత ఫస్ట్ క్లాసులో పాసైనాడే" అని ఎవరో అన్నారు. ముసలాయన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్న తీరు చూస్తే నవ్వొచ్చింది.

అదే అదననుకుని చెప్పాను. "ఇంత బలమున్న మందు తాతా, మూడో రోజే పంపేయడమెందుకు? ఏడు రోజులు ఇవ్వండి. ప్రతిరోజు గుడ్డముక్కా పేరు రాయించి నాకోసం దాచండి."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "మా నాయన చెప్పింది మూడు పొద్దులమ్మా."

"మీ నాయన దగ్గర మిషన్ ఉందా?"

అందరూ నవ్వారు. గంగయ్య కాగితం వైపు, నా వైపు చూశాడు. "సదువుకున్న తల్లివి. నువ్వు చెప్తే నేను కాదంటానా" అన్నాడు.

మార్చి 3

నాగజ్యోతి ఈరోజు నన్ను అడక్కుండా ల్యాబు తెరిచింది. నేను వెళ్లేసరికి స్టాండులో రెండు ట్యూబులు.

"మేడం, ఇది నిమ్మరసం ఒక్కటే. ఇది ఆకు ఒక్కటే, నిమ్మకాయ పిండకుండా నూరినా."

నిమ్మరసం పసుపు. ఆకు ఊదా. పదకొండు శాతం.

ఆ పిల్ల ఇంకా నేలే చూస్తోంది. "నిమ్మకాయలో విటమిన్ సి ఉంటది కదా మేడం. మనం చూసింది ఆకు బలం కాదేమో."

రెండు ట్యూబులూ తీసి సింకులో పోశాను. ప్రాజెక్టు మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో అడిగాను. "మీ చేతిలో మేడం" అంది. మంచిది, గుర్తుంటే చాలు అన్నాను.

మార్చి 4

మెథడ్స్ చాప్టర్లో నిమ్మకాయ మాట తీసేశాను. అది థీసిస్, వంటల పుస్తకం కాదు.

మార్చి 5

నిజానికి గంగయ్య నిమ్మకాయతోనే ఇస్తాడు. కాబట్టి మందుకు బలముందనడం అబద్ధం కాదు. ఆకుకు ఉందని రాశాను, అంతే తేడా.

మార్చి 22

ఎనిమిది మంది. ఎనిమిది మందికీ తగ్గింది. కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయని నాకు తెలియదా? గంగయ్యకూ తెలుసేమో, అందుకే ఆ మూడు రోజులు. ఏమైనా టేబుల్ నిండుతోంది.

ఏప్రిల్ 8

ఎండలు ముదిరాయి. ఆ ఊళ్లో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ నీళ్లు తాగుతున్నారట, కామెర్లు ఎక్కువయ్యాయట. గంగయ్య కాగితాన్ని ప్లాస్టిక్ వేయించి గోడకు కొట్టాడట. వరసలు గబగబా నిండుతున్నాయి. పదకొండు. ఇంకొక్కరు చాలు.

ఇలా రాయకూడదని తెలుసు. నా డైరీ, నేనే చదువుకుంటాను.

ఏప్రిల్ 14

పన్నెండో వరస. విజయ, ఇరవై రెండేళ్లు, ఏడో నెల గర్భం. గంగయ్యే ఫోన్ చేసి చెప్పాడు. "కడుపుతో ఉన్న పిల్లమ్మా, ఇయ్యమంటావా? మామూలుగా నేను ఇయ్యను" అన్నాడు. ఇవ్వమన్నాను. తగ్గితే గర్భిణులకు కూడా సురక్షితం అని ఒక వాక్యం కలపొచ్చు. గైడ్ గారికి అలాంటివి ఇష్టం.

ఏప్రిల్ 16

నాలుగో చాప్టర్ ప్రూఫ్. రెఫరెన్సులన్నీ తప్పులే. మధ్యలో గంగయ్య ఫోన్. "మూడో పొద్దమ్మా. గుడ్డ తేరలేదు, ఇంకా చిక్కనయింది. ఆ పిల్ల అన్నం ముట్టడం లేదు, మాట తడబడతా ఉంది. పెద్దాసుపత్రికి పంపిద్దునా?" ఏడు రోజులు పూర్తి చేయమన్నాను. మళ్లీ రెఫరెన్సులు.

ఏప్రిల్ 17

నాగజ్యోతి లీవు అడిగింది. ఆ విజయ వాళ్ల వదినట. "ఆసుపత్రికి తీసకపొమ్మని ఫోన్లో చెప్తా ఉంటే మా అన్న వినడం లేదు మేడం. మీ మేడమే రాసిచ్చింది కదా అంటున్నాడు. నేను పోయి తీసకపోతా. ఒక్కరోజు పంపించండి."

టేబుళ్లు టైపు చేసేది ఆ పిల్ల ఒక్కతే. సోమవారం గైడ్ గారికి పంపాలి. ఊళ్లో ఒంట్లో బాగాలేని ప్రతి మనిషి కోసం పరిగెత్తితే చదువెప్పుడు అని అడిగాను. అప్పుడు మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. లీవు ఇవ్వలేదు.

ఏప్రిల్ 19

కరెంటు లేదు. ఏ పనీ కాలేదు.

ఏప్రిల్ 20

నాగజ్యోతి చెప్పకుండా హాస్టల్ నుంచి వెళ్లిపోయింది. వార్డెన్ ఫోన్ చేసింది. నోటీసు టైపు చేసి పెట్టాను.

ఏప్రిల్ 21

విజయ చనిపోయింది. నిన్న సాయంత్రం ఒంగోలు తీసుకుపోతుంటే దారిలో. కడుపులో బిడ్డ కూడా. నాగజ్యోతి వెళ్లేసరికే స్పృహ లేదట.

వార్డెన్ చెప్పింది. స్టాఫ్ రూమ్‌లో అందరూ అయ్యో అన్నారు, నేనూ అన్నాను.

ఏప్రిల్ 22

ఏడు రోజులన్నది మామూలుగా కామెర్లు వచ్చినవాళ్లకు. గర్భిణుల సంగతి వేరని ఎవరికైనా తెలుస్తుంది. ఆ ఊళ్లో ఏఎన్ఎం నర్సు లేదా? భర్తకు తెలియదా?

ఏప్రిల్ 23

పదహారో తేదీ ఫోన్లో ఏమన్నానో సరిగా గుర్తు లేదు. లైను కూడా సరిగా లేదు. పనిలో ఉన్నాను. మీకు ఎలా తోస్తే అలా చేయండి అని ఉంటాను.

ఏప్రిల్ 24

వెనక్కి తిప్పి చూశాను. పదహారో తేదీ కింద రాసి ఉంది. నా చేతిరాతే.

ఏప్రిల్ 25

గంగయ్య కాలేజీకి వచ్చాడు.

చెప్పులు గేటు దగ్గరే వదిలి, ఎర్రటి ఎండలో సిమెంటు మీద నడిచి వచ్చాడు. పై పెదవి చిట్లి ఉంది. మాలకొండయ్య కొట్టాడట. "వాడు కొట్టింది తప్పు కాదులేమ్మా. పెండ్లాం పోయినోడు" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చంకలో ఆ ప్లాస్టిక్ వేసిన కాగితం, చేతిలో చిన్న మూట.

కాగితం నా టేబుల్ మీద పెట్టి అడిగాడు. "మందులో బలముందని మిషన్ చెప్పింది కదమ్మా. మిషన్‌ది తప్పుండదు. మరి నేను ఆకు తప్పు కోసినానా?"

ఒక్క క్షణం నిజం నోటిదాకా వచ్చింది. కాగితంలో ఉన్న బలం నిమ్మకాయది తాతా, ఆకుది కాదు. ఆ పరీక్షలో ఎంత వచ్చినా కామెర్లు తగ్గుతాయని కాదు. మీ నాయన మాటే సరైనది. ఇన్నీ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కారిడార్లో ఆదెయ్య నిలబడి ఉన్నాడు, చెవులు మా వైపే.

"కోసి ఉంటారు" అన్నాను. "ఆ పక్కన అలాంటి చెట్లే ఇంకా ఉన్నాయి కదా."

తల ఊపాడు. "అట్లనే అయ్యుంటది. కండ్లు ఆనడం లేదమ్మా ఈమధ్య. గొర్రెలే ఒకటికొకటి కలిసిపోయి కనపడతాయి" అన్నాడు. "ఇద్దరిని చంపుకున్నా. ఇంక ఆ ఆకు ముట్టను."

పోతూ పోతూ మూట నా ముందు పెట్టాడు. "ఆ పిల్లవి. నువ్వు దాచమన్నావు కదా, దాచినా."

ఏడు గుడ్డముక్కలు. మూలలో బొగ్గుతో గీతలు, ఒకటి నుంచి ఏడు దాకా. మొదటిది లేత పసుపు. మూడోది ఎంత చిక్కగా ఉందంటే, ఆ ఒక్క ముక్క చూస్తే గొర్రెల కాపరికైనా, ఎం.ఫార్మసీకైనా తెలిసిపోతుంది. ఏడోది చూడలేదు. కాగితాన్నీ వాటినీ సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఏప్రిల్ 27

పన్నెండో వరస తీసేశాను. పదకొండుతో సరిపెడదామన్నారు గైడ్ గారు. కారణం అడగలేదు.

మే 9

ప్రాజెక్టు పరీక్ష. గుంటూరు వైపు నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చాడు, నెమ్మదస్తుడు. నాగజ్యోతి వస్తుందనుకోలేదు. వచ్చింది. మనిషి సగమైంది. వచ్చీ రావడంతోనే మూడు ట్యూబులు స్టాండులో పెట్టింది. ఆకు, నిమ్మరసం, రెండూ కలిపింది. పెట్టెలో ఉంచి, అరగంట చేతులు కట్టుకుని నిలబడింది.

తీసింది. ఊదా, పసుపు, పసుపు.

ఎక్స్‌టర్నల్ కళ్లజోడు సర్దుకుని, "ఇదేంటి మేడం? బలమంతా నిమ్మరసానిదే ఉన్నట్టుందే" అన్నాడు.

"ఆకు పాతది సార్. ఈ అమ్మాయి మూడు వారాలుగా ల్యాబుకే రాలేదు. నోటీసు కూడా ఇచ్చాం."

ఆయన నాగజ్యోతి వైపు చూశాడు. ఆ పిల్ల నేల చూడలేదు. నన్నే చూస్తూ, "ఆకు ఈ పొద్దున కోసిందే సార్. మా గంగయ్య తాత ఇంక కోయనంటే నేనే గుట్టకు పోయి కోసుకొచ్చినా. మా వదిన కోసం కూడా ఇదే కోసినాడు. తప్పు కోయలేదు" అంది.

నూటికి ఇరవై రెండు వేశాను. ఎక్స్‌టర్నల్ పెన్ను పట్టుకుని కొంతసేపు ఆలోచించాడు. బస్సు టైమ్ అవుతోందని గుర్తుచేశాను. సంతకం పెట్టాడు.

మే 29

థీసిస్ ఇచ్చేశాను.

సెప్టెంబరు 18

వైవా అయింది. ఆకులో ఇంత బలముంటుందని ఎవరూ ఊహించలేదని పొగిడారు. స్వీట్లు పంచారు. అన్నీ తిన్నాను.

సెప్టెంబరు 24

పెయింటర్ వచ్చి, వదిలిన చోటులో డాక్టర్ అని రాసి వెళ్లాడు. "చెప్పినా కదా మేడం" అని నవ్వాడు. చోటు సరిగ్గా సరిపోయింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. గంగయ్య. ఐదు నెలలైంది. ఎత్తకూడదనుకున్నాను, ఎత్తాను.

గొర్రెల అరుపులు, గాలి. వాటి మధ్యలోంచి గొంతు వినిపించింది.

"అమ్మా, నేను ఆకు మానేసినా. అయినా జనం వస్తా ఉన్నారు. ఈ పొద్దు ఒక బాలింత వచ్చింది, కండ్లు పచ్చగా. గుడ్డ కూడా చూడకుండా పెద్దాసుపత్రికి పొమ్మన్నా. మందు లేకుండా పంపినావేంది అని వాళ్లోళ్లు తిట్టినారు. నీకు చెప్పకుండా పంపినా. తప్పయిందా అమ్మా?"

"తప్పు లేదు తాతా. పంపండి" అన్నాను.

"సంతోషం తల్లీ" అన్నాడు. ఆ మాట దణ్ణం పెట్టినట్టే ఉంది. నాకు ఎవరూ ఇంత మనసారా పెట్టలేదు, అదీ ఫోన్లో. పెట్టేశాడు.

ఫోన్ చూశాను. మొత్తం మాటలకు నలభై ఆరు సెకన్లు. అందులో నేను మాట్లాడింది నాలుగు సెకన్లైనా ఉండదు.

ఏప్రిల్ పదహారున కూడా అంతే పట్టేది, పంపండి అనడానికి.